తడి దండెం

2022 జులై రెండో వారం. ఉత్తర తెలంగాణలో వాన పట్టిన పట్టు విడవడం లేదు. గోదావరి గంటగంటకూ లేస్తోంది. మర్నాటికల్లా కడెం ప్రాజెక్టు నిలుస్తుందా, తెగుతుందా అని రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చోబోతోంది. ఆ వరద వార్తల మధ్య, 12వ తేదీ మంగళవారం, కామారెడ్డి నుంచి ఒక కబురు వచ్చింది. బీడీ కార్మికుల కాలనీలో ఒకే ఇంట్లో నలుగురు కరెంటు షాక్‌తో చనిపోయారు. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు.

వాళ్లను చంపింది ఊరి మీదుగా పోయే పెద్ద లైను కాదు. స్తంభం మీంచి తెగిపడిన తీగా కాదు. బట్టలు ఆరేసుకునే దండెం. ఇంటి కరెంటు ఎక్కడో ఆ ఇనుప తీగకు తగిలింది. ఒకరు అంటుకుపోయారు. విడిపించబోయి ఒకరి తర్వాత ఒకరు. పత్రికల్లో వచ్చింది ఇంతే. మర్నాటికి వరద వార్తలు దాన్ని కప్పేశాయి.

పేర్లు వద్దు, ముఖాలు వద్దు. ఆ ముంగిట్లో కరెంటు ఏ దారిన నడిచి ఉంటుందో అది మాత్రం చూద్దాం. అలాంటి దండెం మా నంద్యాల జిల్లాలో ప్రతి ఇంటి ముంగిట్లోనూ ఉంది.

తీగ మీద 230 వోల్టులు వచ్చి నిలబడ్డాయి. నిలబడ్డాయనే అనాలి, ఎందుకంటే పోవడానికి వాటికి దారి లేదు. రెండు చివరలా గోడ మేకులకు కట్టిన తీగ నుంచి నేలలోకి దిగే సందు దొరకనంత సేపూ నిప్పురవ్వ రాలదు, చప్పుడు రాదు, మీటరు తిరగదు. పిట్ట వచ్చి దాని మీద వాలినా ఏమీ కాదు. తడి బట్ట పట్టుకున్న తడి చెయ్యి తగిలినప్పుడు, ఆ మనిషి కాళ్లు తడి నేల మీద ఉన్నప్పుడు, దారి దొరుకుతుంది. తీగ, చెయ్యి, గుండె, కాళ్లు, నేల.

పొడి చర్మం కరెంటును బాగానే అడ్డుకుంటుంది; వేల ఓముల నిరోధం. తడిస్తే అది సుమారు వెయ్యి ఓములకు పడిపోతుంది. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 యాంపు, అంటే 230 మిల్లీ యాంపులు. ఇక్కడ మన కండరాలే మనకు శత్రువులవుతాయి. చేతిని మూసే కండరాలు తెరిచేవాటికంటే బలమైనవి. కరెంటు రెండింటినీ ఒకేసారి బిగిస్తుంది, గెలిచేది మూసేవే. కరెంటు లాగేసిందని ఊళ్లో అంటారు. అది లాగదు. మన పిడికిలే దాన్ని వదలదు. మనసు వదలమని అరుస్తుంటుంది, చెయ్యి వినదు.

ఎన్ని మిల్లీ యాంపుల దగ్గర చెయ్యి మాట వినడం మానేస్తుందో ఒకాయన మనుషుల మీదే కొలిచి చూశాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్. 1940ల్లో తమంతట తాము ముందుకొచ్చిన వాళ్లను పిలిచి, ఉప్పునీళ్లతో తడిపిన చేతికి తీగ ఇచ్చి, కరెంటును కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాడు. ఇక వదల్లేను అనే చోటు దాకా. అలా 134 మంది మగవాళ్లు, 28 మంది ఆడవాళ్లు. మగవాళ్లకు సగటున 16 మిల్లీ యాంపులు, ఆడవాళ్లకు పదిన్నర. ఇంచుమించు అందరూ వదిలించుకోగలిగే హద్దు కావాలంటే మగవాళ్లకు 9, ఆడవాళ్లకు 6 దగ్గర గీత గీయాలని తేల్చాడు. పిల్లలకు ఇంకా తక్కువ. ఇప్పుడు మన 230 మిల్లీ యాంపులను ఆ గీత పక్కన పెట్టి చూడండి. పట్టు వదలకపోవడం అటుంచి, ఆ స్థాయి కరెంటు ఒకటి రెండు సెకన్లు ఛాతీ గుండా పోతే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది.

రెండో మనిషి వచ్చి మొదటి మనిషి చెయ్యి పట్టుకుంటాడు. తడి చర్మానికి తడి చర్మం. కరెంటుకు ఇంకో దారి.

ఇలాంటి చావు జరిగిన ప్రతి ఊళ్లోనూ ఆ సాయంత్రం అరుగుల మీద అడిగే ప్రశ్న ఒకటే: ఇంత జరిగితే ఫీజు ఎందుకు పోలేదు?

పోదు. పోవడానికి కారణం లేదు. పాత వంద వాట్ల బల్బు తీసుకునే కరెంటు 0.43 యాంపు. మనిషి ప్రాణం తీయడానికి కావలసింది అందులో సగం. నలుగురు అంటుకున్నా అంతా కలిపి ఒక యాంపు దాటదు. మెయిన్ బోర్డులో ఫీజుకు బదులు ఉన్న 16 యాంపుల ఎంసీబీ కదలాలంటే 16 దాటాలి, వెంటనే కొట్టేయాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి. నాలుగు ప్రాణాలు పోతుంటే ఆ ఇంటి మెయినుకు తెలిసింది ఎవరో రెండు బల్బులు వేశారని. ఫీజు, ఎంసీబీ పెట్టింది గోడలో వైరు కాలిపోకుండా. మనిషి కోసం కాదు. ఈ సంగతి వైరింగ్ చేయించుకునే వాళ్లలో ఎంతమందికి చెప్పి ఉంటారో నాకు అనుమానమే.

మనిషి కోసం పెట్టింది ఎర్తింగ్ అని అందరికీ తెలుసు. పెరట్లో గుంత తవ్వి, ఇనుప పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి కప్పేస్తే ఇంటికి రక్ష కట్టినట్టేనని నమ్మకం. ఆ నమ్మకం ఎంత గట్టిదో చూడాలంటే కోయిలకుంట్ల నేల మీద నిలబడి చూడాలి.

నంద్యాలకు దక్షిణాన, ఆళ్లగడ్డకు పడమట, కుందూ పరీవాహకంలో మా ఊరు. శనగ, జొన్న పండే నల్లరేగడి. దాని కింద రాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు శిలల పొరల్లో ఒకదానికి ‘కోయిలకుంట్ల సున్నపురాయి’ అనే పేరు పెట్టారు. పరిచే బండలకు ఈ చుట్టుపక్కల ప్రాంతం పేరుపడింది. పాత ఇళ్లన్నీ బండల మిద్దెలే. పైన రేగడి, కింద రాయి. ఎర్త్ గుంతకు ఈ జోడీ పెద్ద పరీక్ష.

వానాకాలంలో రేగడి అంత మంచి ఎర్త్ ఇంకోటి లేదు. ఆ బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బి పైపును చుట్టూ కరిచి పట్టుకుంటుంది, కరెంటును ఇట్టే లాక్కుంటుంది. ఎర్త్ గుంతల్లో వేయడానికి బస్తాల్లో అమ్మే బెంటొనైట్ కూడా ఈ జాతి మట్టే. వేసవిలో కథ తిరగబడుతుంది. రేగడి ఎండి, కుంచించుకుపోయి, చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. పొలంలో కనబడే ఆ నెర్రె ఎర్త్ పైపు చుట్టూ కూడా వస్తుంది. అది ఎవరికీ కనబడదు, ఎందుకంటే దాని మీద బండ ఉంటుంది. పైపు రెండున్నర మీటర్లు దిగాలని ఎర్తింగ్ ప్రమాణం చెబుతుంది. నాలుగడుగులకు రాయి తగిలితే కూలి మనిషి ఏం చేస్తాడు? మిగిలిన పైపు కోసేసి పూడ్చేస్తాడు. పైకి తేలిన అడుగు పైపు, దానికి బిగించిన నట్టు మాత్రం రెండు రకాల గుంతల్లోనూ ఒకేలా కనబడతాయి.

మే నెలాఖరులో ఇక్కడ ఒక బండల మిద్దె ఇంటికి వైర్‌మ్యాన్ వెంట వెళ్లాను. ఫిర్యాదు చిన్నదే. ఫ్రిజ్ ముట్టుకుంటే ఎర్త్ కొడుతోంది. ఇంటావిడ దానికి తన మందు తాను కనిపెట్టుకుంది. ఫ్రిజ్ ముందర ఒక జత హవాయి చెప్పులు.

“చెప్పులేసుకొని తలుపు తీస్తే ఏమీ గాదులే నాయనా,” అంది. “పిల్లోళ్లకే చెప్పీ చెప్పీ నోరు పోతాంది.”

వైర్‌మ్యాన్ జేబులోంచి టెస్టర్ తీసి ఫ్రిజ్ తలుపు గొళ్లేనికి ఆనించాడు. ఎర్రగా వెలిగింది. అతనేమీ ఆశ్చర్యపోలేదు. ఎర్త్ లేని ఫ్రిజ్ బాడీ మీద, లోపల ఏ లోపం లేకపోయినా, కొద్దిపాటి లీకేజీ ఉంటుంది. ఆ జివ్వుమనడం చాలావరకు అదే. నిజంగా లోపల వైరు తగిలినా టెస్టర్ ఇలాగే వెలుగుతుంది. రెండింటికీ తేడా దాంతో తెలీదు, చెప్పులతో అసలే తెలీదు.

మెయిన్ ఆపి సాకెట్ విప్పాడు. పై రంధ్రానికి, లావు పిన్ను దిగే చోటికి, వైరు లేదు. అక్కడ ఉండాల్సిన ఎర్త్ వైరు, పచ్చది, మడతపెట్టి పెట్టె వెనక్కి తోసి ఉంది. కొన టేపు కూడా చుట్టారు.

“ఎవురు తీసినారు దీన్ని?”

“నేనే తీయించినా అప్పా,” వసారాలోంచి పెద్దాయన గొంతు. “మోటరేసినప్పుడల్లా ఫ్రిజ్జు గట్టిగా కొడ్తాండె. పచ్చ వైరు తీసేసినాక తగ్గింది.”

నేను నవ్వబోయాను. వైర్‌మ్యాన్ నవ్వలేదు. “ఆయన చూసింది కరెక్టే సార్,” అన్నాడు. పెరట్లో మోటారుకూ, వంటింట్లో ఫ్రిజ్‌కూ, బాత్‌రూములో గీజరుకూ పచ్చ వైర్లన్నీ ఒకే గుంతకు పోతున్నాయి. మోటారు తడిసి దాని బాడీకి కరెంటు వస్తోంది. గుంత మంచిదైతే అది నేలలోకి దిగిపోవాలి. గుంత చెడ్డది. కిందికి దారి సరిగా లేక ఆ కరెంటు పచ్చ వైరు పట్టుకుని ఎదురెక్కి, ఏ లోపమూ లేని ఫ్రిజ్ బాడీ మీదికి వచ్చి నిలబడుతోంది. ఎర్త్ సరిగా లేకపోతే పచ్చ వైరే ఒక గదిలోని ప్రమాదాన్ని మోసుకెళ్లి ఇల్లంతా పంచుతుంది. పెద్దాయన ఆ వైరు తీసేయించి ఫ్రిజ్‌ను మోటారు నుంచి కాపాడుకున్నాడు. మోటారు మాత్రం అలాగే ఉంది. రేపు ఫ్రిజ్‌కే జబ్బు చేస్తే దానికి దిక్కు లేదు.

“గుంత చెడ్డదెట్లయితాది? పోయిన్నెల్లోనే బల్బు పెట్టి చూపిచ్చిరి గదా,” అన్నాడు పెద్దాయన.

మన ఊళ్లలో ఎర్త్ పరీక్ష అంటే అదే. హోల్డరులో వంద వాట్ల బల్బు. ఒక తీగ ఫేజుకు, ఇంకో తీగ ఎర్త్ పైపుకు. బల్బు వెలిగితే ఎర్తింగ్ భేష్. వైర్‌మ్యాన్ ఆ పరీక్షే మళ్లీ చేశాడు. బల్బు చక్కగా వెలిగింది. పెద్దాయన నా వైపు తిరిగాడు, చూశావా అన్నట్టు.

వైర్‌మ్యాన్ సంచిలోంచి మీటరు తీసి బల్బు రెండు కొసలకూ పట్టాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వెలిగించినప్పుడు 230 చూపించింది. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వెలిగిస్తే 207.

“బల్బు మోసం జేస్తాది సార్. ఇరవై మూడు వోల్టులు నేల్లో పోయినా కంటికి తెల్దు.”

ఆ లెక్క ఇంటికి వచ్చాక నేనూ కాగితం మీద వేసి చూశాను. బల్బు గుండా పోయేది 0.39 యాంపు. దానికే 23 వోల్టులు పోయాయంటే ఆ గుంత నిరోధం సుమారు 60 ఓములు. ఇప్పుడు మోటారులో ఫేజు వైరు తెగి సరాసరి బాడీకి తగిలిందనుకోండి. 230ని 60తో భాగిస్తే నాలుగు యాంపులు కూడా కాదు. 16 యాంపుల ఎంసీబీ కదలదు. ఆ నాలుగు యాంపులూ రాత్రీ పగలూ నేలలోకి పోతుంటాయి, బిల్లు పెరుగుతుంది, మోటారు బాడీ మీద దాదాపు మొత్తం వోల్టేజీ అలాగే ఉంటుంది. బల్బు మాత్రం ఎర్తింగ్ భేష్ అంటూనే ఉంటుంది. దానికి కావలసింది అరయాంపు కూడా కాదు మరి. ఆ కాస్తా ఎంత చెడ్డ గుంతైనా ఇస్తుంది. ఇది అలవాటున్న వైర్‌మ్యాన్ చేతి పని. ఇళ్లలో ఎవరూ చేసి చూడొద్దు, ఆ పరీక్ష చేస్తున్నంత సేపూ ఎర్త్ పైపు మీదా కరెంటు ఉంటుంది.

బాత్‌రూము వెనక గోడ పక్కన గుంత మీది బండ తీశాం. పైపు చుట్టూ నల్లమట్టి ఎడం జరిగి వేలు దూరేంత సందు. చూపుడు వేలు రెండో కణుపు దాకా పోయింది, చల్లదనం తగల్లేదు. చేత్తో పట్టుకుని కదిపితే పైపు అటూ ఇటూ ఊగింది. ఉప్పు ఎన్నడో కరిగిపోయింది. పోతూ పోతూ పైపు తుప్పుకు తన వంతు సాయం చేసింది. నట్టు దగ్గర తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది.

“బిందెడు నీళ్లు పోస్తే సరిపోదా?” అంది ఇంటావిడ.

“పోస్తే ఈ పూటకు సరిపోతాది వదినా.”

పాతకాలంలో చాలా ఇళ్లలో ఎర్త్ తీగను కుళాయి పైపుకే చుట్టేవాళ్లు. ఊరంతా భూమిలో పరుచుకున్న ఇనుప గొట్టాలు కాబట్టి అది బాగానే పనిచేసేది. ఆ తర్వాత గొట్టాలు ప్లాస్టిక్‌వి వచ్చాయి, బోరు కేసింగులూ ప్లాస్టిక్‌వే. ఎర్త్ తీగ మాత్రం కుళాయి మెడకు ఇంకా చుట్టే ఉంది చాలా చోట్ల. దాన్ని ఎవరూ తీయలేదు, అది ఎక్కడికీ పోవడమూ లేదు.

మంచి గుంత తవ్వలేని నేల మీద మనుషులు బతకాలంటే ఏం చేయాలి? ఈ చిక్కు మనకంటే ముందు దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పడింది. జొహానెస్‌బర్గ్‌లోని ఒక విద్యుత్ పరికరాల కంపెనీలో హెన్రీ రూబిన్ అనే ఇంజనీరు 1955లో గనుల కోసం ఎర్త్ లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే పరికరం చేశాడు. మొదటిది 250 మిల్లీ యాంపులు లీకైతే పనిచేసేది. అది మనిషిని బతికించే లెక్క కాదని మనకు తెలుసు. ఇంకా సున్నితమైనది కావాలి. ఆ మరుసటి ఏడాదికి పది ఇరవై మిల్లీ యాంపుల మధ్యనే కొట్టేసే పరికరం తయారైంది. అప్పుడు స్టిల్‌ఫాంటీన్ అనే గని ఊళ్లో ఒక ఇంట్లో కరెంటు ప్రమాదం జరిగింది. 1957, 58ల్లో ఆ ఊరి ఇళ్లలో 20 మిల్లీ యాంపుల యూనిట్లు కొన్ని వందలు బిగించారు. గని కోసం పుట్టినది వంటింట్లోకి అలా వచ్చింది. వంటింటి మాట వచ్చింది కనుక ఫ్రిజ్ ముందరి మన చెప్పుల జతను తలుచుకోకుండా ఉండలేకపోయాను.

బర్క్లీలో డాల్జీల్ కూడా చివరికి అక్కడికే చేరాడు. ఎంత కరెంటుకు చెయ్యి బిగుసుకుంటుందో కొలిచిన మనిషే, 1961లో అంతకంటే తక్కువకే, 5 మిల్లీ యాంపులకే ఆపేసే పరికరాన్ని రూపొందించాడు. 1975 నాటికి అమెరికాలో కొత్త ఇళ్ల బాత్‌రూములకు అలాంటి రక్షణ ఉండాలని నియమం వచ్చింది.

మన బజార్లో దాని పేరు ఆర్‌సీసీబీ. ఎంసీబీ పక్కనే, దానికి రెండింతల వెడల్పుతో, టి అని రాసిన చిన్న బొత్తాంతో ఉంటుంది. అది చేసే పని మా సీమలో గొర్రెల కాపరి చేసేదే: పొద్దున దొడ్డి దాటినన్ని సాయంత్రం తిరిగొచ్చాయా లేదా. ఫేజు, న్యూట్రల్ రెండు వైర్లూ ఒక ఇనుప కడియం గుండా పోతాయి. పోయిన కరెంటూ వచ్చిన కరెంటూ సమానమైతే వాటి అయస్కాంత బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 30 మిల్లీ యాంపుల తేడా వచ్చిందంటే ఎక్కడో దారి తప్పి నేలలోకి పోతోందని అర్థం. అది మోటారు బాడీ కావచ్చు, మనిషి ఒళ్లు కావచ్చు. ఆర్‌సీసీబీ విచారించదు, కొట్టేస్తుంది. తేడా గట్టిగా ఉంటే సెకనులో 25వ వంతులోపే. షాక్ తగులుతుంది, ఒళ్లు ఉలిక్కిపడుతుంది. గుండె లయ తప్పేలోపు కరెంటు ఉండదు.

ఎర్త్ గుంతకు దీనితో వచ్చే తేడా చూడండి. ఎంసీబీని నమ్ముకుంటే గుంత ఒకటి రెండు ఓములకు రావాలి. ఈ రేగడిలో, ఈ రాతి మీద, మే నెలలో అది అయ్యే పని కాదు. ఆర్‌సీసీబీ ఉంటే, ఆ 60 ఓముల చెడ్డ గుంతలోకి పోయే నాలుగు యాంపులు దానికి వంద రెట్లకు పైగా ఎక్కువ. మోటారుకు కరెంటు వచ్చిన క్షణమే, ఎవరూ ముట్టుకోకముందే, కొట్టేస్తుంది. కాగితం మీద వందల ఓముల గుంతైనా దానికి చాలు. ఆర్‌సీసీబీ ఉంది కదా అని పచ్చ వైరు మానేస్తే మాత్రం లోపం ఉన్నట్టు తెలిసేది మనిషి ముట్టుకున్నప్పుడే.

మరి ఇంత మంచిది మన ఇళ్లలో ఎందుకు లేదు? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నియమాల్లో ఎర్త్ లీకేజీ రక్షణ తప్పనిసరి చేసింది గానీ, 5 కిలోవాట్ల లోపు చిన్న కనెక్షన్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ హద్దు తర్వాత తగ్గింది. నాకు మాత్రం ఈ మినహాయింపు ఎప్పుడూ తలకిందులుగానే కనిపిస్తుంది. ఏసీలూ పాలరాతి నేలలూ ఉన్న ఇంటికి రక్షణ తప్పనిసరి. రెండు బల్బులూ ఫ్యానూ ఉండి, ముంగిలి మట్టిదై, గోడలు తడిసే ఇంటికి అక్కర్లేదు. ప్రమాదం లోడును బట్టి రాదు కదా, తడిని బట్టి వస్తుంది. దేశంలో ఏటా కరెంటు షాక్‌తో పోయేవాళ్ల లెక్క 12 వేలు దాటుతోంది.

పెట్టించుకున్న చోట ఇంకో కథ. పెట్టిన వారానికి ఊరికే ట్రిప్ అవుతోందని ఫోన్. ఊరికే కాదు. తడిసిన మోటారు, ఎక్కడో ఎర్త్‌కు తగులుతున్న న్యూట్రల్, ఇన్వర్టర్ బిగించినవాడు కలిపేసిన రెండు గదుల న్యూట్రళ్లు. ఇన్నేళ్లుగా మౌనంగా ఉన్న తప్పులన్నీ ఒకేసారి బయటపడతాయి. వాటిని వెతకాలంటే ఒక రోజు పని. బైపాస్ చేయాలంటే రెండు స్క్రూలు. పెళ్లి ఇంట్లో, పరీక్షల ముందు, ఐపీఎల్ రోజున, రెండు స్క్రూలదే గెలుపు. డబ్బా గోడ మీద అలాగే ఉంటుంది, చూసినవాళ్లకు ధైర్యంగా.

ఆర్‌సీసీబీ చేయలేని పనీ ఒకటుంది. తన తర్వాత జరిగేదే దానికి తెలుస్తుంది. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీస్ వైరు దాని కాపలాలో లేదు. ఆ వైరును మోయడానికి పక్కన ఒక జీఐ తీగ, అంటే జింకు పూత పూసిన ఇనుప తీగ, ఉంటుంది, మిద్దె మీది ఇనుప కడ్డీకి కట్టి. ఏళ్ల తరబడి గాలికి ఊగి, ఎండకు పొట్టు పెళుసెక్కి, రాసుకున్న చోట ఇన్సులేషన్ పోతే కరెంటు ఆ జీఐ తీగకు వస్తుంది, దాన్నుంచి కడ్డీకి. ఆ కడ్డీకే దండెం రెండో కొస కట్టిన మిద్దెలు మా వీధిలోనే చూపిస్తాను. అక్కడ ఏ పరికరమూ కాపాడదు. ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టుకోవడం, దాన్నీ సర్వీస్ వైరు దరిదాపుల్లోకి రానీయకపోవడం, పొట్టు పోయిన సర్వీస్ వైరును మార్పించమని లైన్‌మేన్‌ను పట్టుకోవడం, చేయగలిగింది ఇదే.

ఎవరైనా అంటుకుపోతే ముట్టుకోకూడదని అందరికీ తెలుసు, ఆ నిమిషంలో ఎవరికీ గుర్తుండదు. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. పరిగెత్తాల్సింది మనిషి వైపు కాదు, మెయిన్ వైపు. మెయిన్ దూరమైతే, లేదా సర్వీస్ వైరుదే తప్పైతే, పొడి చెక్క మీదో పొడి గోనె మడత మీదో నిలబడి పొడి కర్రతో తీగను పక్కకు తోయాలి. విడిపడ్డాక ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి వందకు పైగా నొక్కుతూ ఉండాలి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా. వణుకుతున్న గుండెను మళ్లీ దారిలో పెట్టే యంత్రం ఆస్పత్రిలో ఉంటుంది. అక్కడికి చేరేదాకా మెదడుకు రక్తం అందించాల్సింది ఆ చేతులే.

ఆ బండల మిద్దె ఇంటికి జూన్ మొదటి వారంలో వైర్‌మ్యాన్ మళ్లీ వెళ్లాడు. మోటారు వైండింగ్‌కు పంపారు. గుంత పాతదాని పక్కనే కొత్తది, రాయి తగిలిన చోట ఆపి, ఒకటికి బదులు రెండు పైపులు ఎడంగా దింపి కలిపారు. ఫ్రిజ్ సాకెట్‌లో పచ్చ వైరు చేరింది. ఆర్‌సీసీబీ ధర దగ్గర పెద్దాయన కొంచెంసేపు బేరమాడాడు.

“రెండు వేలా? దీనికి పనేం ఉంటాదప్పా? ఊరికే కూకోనుంటాది.”

“దానికి పని పడకూడదనే మొక్కుకో పెద్దాయనా.”

బిగించాక నెలకోసారి ఆ టి బొత్తాం నొక్కి చూడమని చెప్పాడు. నొక్కితే కొట్టేయాలి, కొట్టేయకపోతే తనను పిలవాలి. పెద్దాయన అద్దాలు సర్దుకుని, బొత్తాం ఎక్కడో తడుముకుని, గట్టిగా నొక్కాడు. ఠక్కుమంది. ఫ్యాను నెమ్మదించింది, వంటింట్లో మిక్సీ ఆగిపోయింది.

“ఎవురు తీసినారు కరెంటు?” లోపల్నుంచి ఇంటావిడ అరిచింది. “పచ్చడి సగంలో ఉండాది!”